తాహో అంటే మంచొక్కటేనా?

బే ఏరియాలో ఉండే మనవాళ్ళని ఎవర్నైనా "లేక్ తాహో వెళ్ళారా?" అని అడిగి చూడండి. "ఓ, చూసేశాం" అని ఠక్కున జవాబొస్తుంది. ఎప్పుడు? జనవరిలోనో, లేకపోతే ఫిబ్రవరిలో ప్రెసిడెంట్స్ డే లాంగ్ వీకెండ్‌కో. ఏం చూశారు? మంచు. ఇంకా? మంచులో వెల్లకిలా పడుకున్న ఫొటో, స్కీ పాఠంలో బోర్లా పడ్డ ఫొటో, టైర్లకి చెయిన్లు వేస్తుంటే వేళ్ళు కొంకర్లు పోయిన కథ. మరి సరస్సండీ? "అదీ ఉంది, దార్లో కార్లోంచి కనపడింది."

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఇందులో వింతేమీ లేదు. గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో వచ్చినవాడికి మంచు వింత గానీ నీళ్ళు వింతా? కానీ మన ఊరి చెరువు సంగతి ఒక్కసారి తల్చుకోండి. అలుగు పారుతున్న రోజున కట్ట మీద ఓ గంట నిలబడి చూసి వెళ్ళిపోయిన చుట్టానికి ఆ చెరువు తెలిసినట్టేనా? వేసవిలో నెర్రెలిచ్చిన అడుగు, తూము దగ్గర నీళ్ళ తగాదాలు, తొలకరికి రంగు మారే నీళ్ళు, ఇవన్నీ చూసినవాడికి కదా తెలిసేది! తాహో కూడా అంతే అని నా వాదన. దాన్ని చూడాలంటే ఏడాది పొడుగునా, నాలుగు కాలాల్లోనూ చూడాలి. అలా కాకుండా అందరం కలిసి ఏడాదిలో ఓ ఇరవై రోజుల్లోనే ఎగబడడం వల్ల ఆ సరస్సుకీ, అక్కడ బతికేవాళ్ళకీ, చివరికి మనకీ కూడా నష్టమే. ఎలాగో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు కొంచెం భూగోళం. తాహో సుమారు 6,225 అడుగుల ఎత్తులో ఉంది. పొడవు 22 మైళ్ళు, వెడల్పు 12 మైళ్ళు. మూడింట రెండొంతులు కాలిఫోర్నియాలో, మిగిలింది నెవాడాలో. లోతు 1,645 అడుగులు. అంటే ఎనిమిది చార్మినార్లు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినా పై మినారు కొస కూడా కనపడదన్నమాట. అమెరికాలో దీనికంటే లోతైన సరస్సు ఆరెగాన్‌లోని క్రేటర్ లేక్ ఒక్కటే. ఇంకో తమాషా ఏంటంటే, "తాహో" అన్నది అక్కడి వాషో తెగవాళ్ళ మాట నుంచి వచ్చింది. వాళ్ళ భాషలో ఆ మాటకి అర్థమే సరస్సు. కాబట్టి మనం "లేక్ తాహో" అన్నప్పుడల్లా "చెరువు చెరువు" అంటున్నట్టు లెక్క.

ఈ సరస్సులోకి 63 వాగులొచ్చి కలుస్తాయి. బయటికి వెళ్ళే దారి మాత్రం ఒక్కటే, తాహో సిటీ దగ్గర మొదలయ్యే ట్రకీ నది. అది కూడా సముద్రం దాకా వెళ్ళదు. రీనో మీదుగా పోయి నెవాడా ఎడారిలో పిరమిడ్ లేక్‌లో ఆగిపోతుంది. నీళ్ళు అంతెక్కువ, దారి ఇంత సన్నం కావడంతో తాహోలో పడ్డ ఓ చుక్క బయటికి రావాలంటే సగటున 650 ఏళ్ళు పడుతుంది. కొండవీటి రెడ్డిరాజుల కాలంలో పడ్డ చుక్క ఇప్పుడు బయటికొస్తూ ఉండొచ్చు. మన భాషలో చెప్పాలంటే, ఇక్కడ ప్రొడక్షన్‌లోకి బగ్ వెళ్ళిందంటే రోల్‌బ్యాక్‌కి ఆరొందల యాభై ఏళ్ళు! ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

ఇక కాలాల విషయానికొద్దాం. అందరూ వెళ్ళే చలికాలంతోనే మొదలెడతాను.

చలికాలంలో చుట్టూ పది పన్నెండడుగుల మంచు పడ్డా సరస్సు మాత్రం గడ్డ కట్టదు. ఎమరాల్డ్ బే లాంటి మూల మడుగు ఎప్పుడైనా పైపైన గడ్డ కడుతుంది, అంతే. ఎందుకని? నీళ్ళు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటాయని ఇంటర్‌లో బట్టీ పట్టాం కదా, దాని ప్రాక్టికల్ ఇక్కడుంది. పైన చల్లబడ్డ నీళ్ళు బరువెక్కి కిందకి దిగుతాయి, వాటి చోటులోకి కొంచెం వెచ్చటి నీళ్ళు పైకొస్తాయి. చిన్న చెరువైతే ఈ వ్యవహారం తొందరగా ముగిసిపోయి పైన మంచు పలక కడుతుంది. ఇక్కడ అంత లోతుని చల్లార్చేలోపే చలికాలం అయిపోతుంది. తెల్లటి కొండల మధ్య నల్లగా, కదులుతూ, ఆవిరి పడుతూ కనిపించే నీళ్ళు... ఫిబ్రవరిలో ఓ మామూలు మంగళవారం పొద్దున్న దాని ఒడ్డున నిలబడితే మనిషి మాట వినపడదు. అదే నెలలో లాంగ్ వీకెండ్ శనివారం అయితే హారన్లు వినపడతాయి.

ఈ నీళ్ళ తేటతనాన్ని 1968 నుంచి క్రమం తప్పకుండా కొలుస్తున్నారు. యూసీ డేవిస్ వాళ్ళు పడవలో వెళ్ళి, తెల్లటి పళ్ళెంలాంటి సెకీ డిస్క్ అనేదాన్ని తాడు కట్టి నీళ్ళలోకి దించుతారు. అది ఎన్ని అడుగుల దాకా కంటికి కనపడితే అంత తేట. ఇంతే, ఇంతకంటే టెక్నాలజీ లేదు. 1968లో ఏడాది సగటు 102.4 అడుగులు. 2017లో అది 59.7కి పడిపోయింది. అయిదేళ్ళ కరువు తరవాత ఒక్కసారిగా విపరీతమైన మంచూ వానా పడి, ఎండి ఉన్న మట్టినంతా కడుక్కుని తెచ్చి సరస్సులో పోశాయి.

ఆ మసకకి అసలు కారణం పెద్ద చెత్త కాదు, కంటికి ఆనని సన్నటి ధూళి. ఒక్కో రేణువూ తల వెంట్రుక మందం కూడా ఉండదు, అందుకే తొందరగా అడుక్కి దిగదు, వెలుతురుని చెదరగొడుతూ తేలుతూనే ఉంటుంది. ఈ ధూళిలో 70 శాతానికి పైగా కొండల మీది అడవుల్లోంచి కాదు, ఊళ్ళ నుంచీ రోడ్ల నుంచీ వస్తోందని లెక్క తేల్చారు. మంచు పడ్డప్పుడు కార్లు జారకుండా రోడ్డు మీద ఇసక చల్లుతారు కదా, దాన్ని వేల కార్ల టైర్లు, చెయిన్లు కలిసి పిండి చేస్తాయి. మంచు కరిగినప్పుడు ఆ పిండి కాలవల్లోకి, అక్కణ్ణుంచి సరస్సులోకి. అంటే ఏంటన్నమాట? మనం కొండ మీదకి స్కీయింగ్‌కి వెళ్ళే రోడ్డుకీ, కింద కార్లోంచి చూసి వదిలేసిన నీళ్ళకీ నేరుగా పైపులైను ఉంది. మంచొక్కటే చూసి వచ్చేవాడికి ఈ పైపులైను ఎప్పటికీ కనపడదు. ఏప్రిల్‌లో ఇంకోసారి వెళ్ళినవాడికి రోడ్డు పక్క కాలవలో బూడిదరంగు నీళ్ళు పారుతూ కనపడతాయి. నేను ఏడాది పొడుగునా వెళ్ళమనడానికి మొదటి కారణం ఇదీ.

ఇక రోడ్ల సంగతి. శాన్ ఫ్రాన్సిస్కో నుంచి తాహో దాదాపు 200 మైళ్ళు. మామూలు రోజున మూడున్నర, నాలుగు గంటలు. మంచు పడే శుక్రవారం సాయంత్రం అయితే ఎనిమిది గంటలైనా ఆశ్చర్యం లేదు. మన వైపు నుంచి వెళ్ళడానికి పెద్ద దారులు రెండే, డానర్ సమ్మిట్ మీదుగా ఐ-80, ఎకో సమ్మిట్ మీదుగా హైవే 50. రెండూ ఏడు వేల అడుగులు దాటి ఎక్కాలి. చెయిన్ కంట్రోల్లో మూడు మెట్లుంటాయి. ఆర్-1 అంటే చెయిన్లు వెయ్యాలి, స్నో టైర్లుంటే అక్కర్లేదు. ఆర్-2 అంటే నాలుగు చక్రాలకీ స్నో టైర్లున్న ఫోర్ వీల్ డ్రైవ్, ఆల్ వీల్ డ్రైవ్ బళ్ళకి తప్ప అందరికీ చెయిన్లు తప్పవు (ఆ బళ్ళవాళ్ళకి కూడా డిక్కీలో చెయిన్లుండాలి). ఆర్-3 అంటే ఎవ్వరికీ మినహాయింపు లేదు. అయితే ఆర్-3 దాకా వచ్చేలోపే మామూలుగా రోడ్డే మూసేస్తారు. "మాది ఆల్ వీల్ డ్రైవ్ కదా" అని మామూలు టైర్లతో బయల్దేరే మనవాళ్ళకి ఈ మూడు ముక్కలు ఎవరైనా ఫ్రిజ్ మీద అంటించిపెడితే పుణ్యముంటుంది.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు, సర్వరు పడిపోయేది సగటు లోడు వల్ల కాదు, పీక్ లోడు వల్ల. తాహో కష్టం కూడా అదే. సౌత్ లేక్ తాహో ఊరి జనాభా 2020 లెక్కల్లో 21 వేల చిల్లర. అంటే మనకి ఓ మాదిరి మండల కేంద్రం. ఆ ఊరికి లాంగ్ వీకెండ్‌లో దిగే జనానికి సరిపోయే రోడ్లు, పార్కింగు, ఆసుపత్రి, చెత్త లారీలు ఎక్కణ్ణుంచి వస్తాయి? తుఫాను రాత్రి మన కార్లన్నీ రోడ్డు మీద ఇరుక్కుంటే అంబులెన్సు కూడా వాటి వెనకాలే ఇరుక్కుంటుంది. అక్కడుండేవాడు పాల ప్యాకెట్‌కి బయటికి రాలేడు. 2022 నవంబరులో ఫోడర్స్ అనే పేరున్న ట్రావెల్ గైడు వాళ్ళు 2023లో కాస్త విశ్రాంతి ఇవ్వాల్సిన చోట్ల జాబితాలో తాహోని పెట్టారు. గైడు అమ్ముకునేవాడే "వెళ్ళకండి బాబూ" అన్నాడంటే చూసుకోండి.

అయితే "అసలు వెళ్ళకూడదు" అన్న మాట నేనొప్పుకోను. అక్కడ హోటల్లో పక్కలేసేవాళ్ళు, లిఫ్టు దగ్గర నిలబడేవాళ్ళు, టిఫిన్లు వండేవాళ్ళు మనం వెళ్తేనే బతుకుతారు. కానీ వాళ్ళకి నాలుగు నెలలు ఊపిరాడనంత పని, మే లోనూ నవంబరులోనూ చేతినిండా ఖాళీ. అద్దెలు మాత్రం పన్నెండు నెలలూ ఒకటే. వచ్చే జనం ఏడాది మీద పరుచుకుంటే వాళ్ళకి జీతం కూడా ఏడాది మీద పరుచుకుంటుంది. కొత్తగా జనాన్ని పోగెయ్యమనడం లేదు నేను, ఉన్న జనమే విడివిడి రోజుల్లో వెళ్ళమంటున్నా. లోడ్ బ్యాలెన్సింగ్, అంతే.

రిసార్టులవాళ్ళకి కూడా ఈ సంగతి తెలుసు. 1960 వింటర్ ఒలింపిక్స్ జరిగిన స్క్వా వ్యాలీ (నేటివ్ అమెరికన్ ఆడవాళ్ళని అవమానించే మాటని 2021లో పేరు మార్చి ప్యాలిసేడ్స్ తాహో అన్నారు) 2023-24 సీజన్‌లో రద్దీ రోజులకి పార్కింగ్ రిజర్వేషన్ మొదలుపెట్టింది. పెద్ద రిసార్టుల్లో రద్దీ రోజు లిఫ్ట్ టికెట్టు అప్పటికప్పుడు కొంటే 200 డాలర్లు దాటేసింది. ముందే కొనే సీజన్ పాసుల్లో కూడా సెలవు రోజులు మినహాయించినవి చవగ్గా ఇస్తారు. అందరూ ఒకే రోజు రావొద్దు మొర్రో అని ఇంతకంటే ఎలా చెప్తారు?

పైగా మంచుని నమ్ముకునే రోజులు కావు. డానర్ సమ్మిట్ దగ్గర యూసీ బర్క్‌లీ వాళ్ళ స్నో లేబ్ ఉంది. అక్కడ 2022-23 చలికాలంలో 754 అంగుళాల మంచు కొలిచారు, అంటే దాదాపు 63 అడుగులు. 1951-52 తరవాత అంత మంచు అదే. ఆ ఏడు జులై 4 దాకా ప్యాలిసేడ్స్‌లో స్కీయింగ్ చేశారు. సరిగ్గా ఎనిమిదేళ్ళు వెనక్కి వెళ్ళండి. 2015 ఏప్రిల్ 1న అప్పటి గవర్నర్ జెర్రీ బ్రౌన్ హైవే 50 పక్కన ఫిలిప్స్ స్టేషన్ దగ్గర మంచు కొలిచే చోట నిలబడ్డాడు. కాళ్ళ కింద మంచు లేదు, ఎండుగడ్డి ఉంది. రాష్ట్రమంతా కలిపి ఆ రోజు మంచు నిల్వ సగటులో 5 శాతం. అక్కడికక్కడే ఊళ్ళ నీటి వాడకంలో 25 శాతం కోత ప్రకటించాడు.

ఇది స్కీయింగ్ వాళ్ళ గొడవ మాత్రమే కాదండోయ్. సియెర్రా కొండల మీద మంచు అంటే కాలిఫోర్నియాకి కరెంటు ఖర్చు లేని పెద్ద డ్యామ్. చలికాలంలో నిలవ చేసి ఎండాకాలంలో మెల్లగా వదుల్తుంది. శాన్ ఫ్రాన్సిస్కో కొళాయిలో వచ్చే టుఆలమీ నది నీళ్ళు, ఓక్లండ్ వైపు వచ్చే మొకలమీ నది నీళ్ళు ఈ కొండల మంచువే. తాహో నీళ్ళు మాత్రం అటు రీనోకి పోతాయి. కాబట్టి మంచు ఎంత పడింది అన్నది వీకెండ్ ప్లాన్ కోసం చూసే వార్త కాదు, ఇంట్లో కొళాయి వార్త. కృష్ణా ఆయకట్టు రైతు శ్రీశైలం మట్టం చూసినట్టు చూడాల్సిన వార్త.

సరే, చలికాలం దాటి ముందుకెళ్దాం.

ఏప్రిల్ చివరి నుంచి జూన్ మొదటి దాకా అక్కడివాళ్ళు "మడ్ సీజన్" అంటారు. పేరు విని భయపడకండి. బురద ఉంటుంది నిజమే, సగం హోటళ్ళు ఖాళీ, కొన్ని కొట్లు మూసి ఉంటాయి. కానీ ఎమరాల్డ్ బే పైన ఈగిల్ ఫాల్స్‌ని చూడాల్సింది అప్పుడే. ఆగస్టులో సన్నటి ధారగా కారే ఆ జలపాతం మే నెలలో రోడ్డు కింద నుంచి ఉరుముతూ దూకుతుంది. పొద్దున్న పైన రిసార్టులో మిగిలిన మంచు మీద స్కీయింగ్, సాయంత్రం కింద ఒడ్డున చొక్కాతో షికారు, రెండూ ఒకే రోజు కుదిరేది ఈ కాలంలోనే.

ఎండాకాలం మనవాళ్ళకి ఇంకో రకంగా ముఖ్యం. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చేది మామూలుగా అప్పుడే. "మంచు లేదు కదా, ఇప్పుడెందుకు" అని వాళ్ళని లాస్ వేగాస్ తీసుకెళ్ళేవాళ్ళని చూశాను. అయ్యా, నలభై డిగ్రీల ఎండ వాళ్ళు విజయవాడలో చూళ్ళేదా? ఆ రెండు రోజులు తాహో తీసుకెళ్ళండి. నెవాడా వైపు శాండ్ హార్బర్ దగ్గర నీళ్ళలో గుండ్రాళ్ళు అద్దం కింద పెట్టినట్టు కనపడతాయి. ఇంక్లైన్ విలేజ్ నుంచి అక్కడికి ఒడ్డు వెంబడే మూడు మైళ్ళ చదును కాలిబాట 2019లో తెరిచారు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కూడా నడిచినంత నడిచి బెంచీ మీద కూర్చోవచ్చు. పార్కింగు పొద్దున్నే నిండిపోతుంది, కాబట్టి ఆరింటికే లేవండి (అమ్మానాన్నలు ఎలాగూ లేస్తారు, లేవాల్సింది మనమే).

రెండు జాగ్రత్తలు. ఒకటి, జులైలో కూడా ఆ నీళ్ళు పైపైనే కాస్త వెచ్చన, కొంచెం లోపలికి వెళ్తే ప్రాణం పోయేంత చల్లన. ఈతొచ్చినవాడికి కూడా ఒక్కసారిగా దూకితే ఊపిరి పట్టేస్తుంది. గోదాట్లో ఈదిన ధైర్యం ఇక్కడ చెల్లదు. రెండు, మధ్యాహ్నం గాలి లేస్తుంది. 2025 జూన్ 21న ఉన్నట్టుండి వచ్చిన తుఫానుకి సముద్రంలా అలలు లేచి ఓ పడవ తిరగబడి ఎనిమిది మంది చనిపోయారు. అద్దె కయాక్ ఎక్కేముందు లైఫ్ జాకెట్ "ఫొటోలో బాగోదు" అని విప్పేసేవాళ్ళు ఈ ముక్క రెండోసారి చదవండి.

ఎండాకాలం ముదిరితే ఇంకో మొహం కనపడుతుంది, అదీ చూడాల్సిందే. 2021 ఆగస్టులో కాల్డర్ ఫైర్ కొండ శిఖరాలు దాటి తాహో వైపు దిగింది. ఆగస్టు 30న సౌత్ లేక్ తాహో ఊరు ఊరంతా ఖాళీ చేయించారు. స్కీ రిసార్టుల్లో మంచు తయారు చేసే గన్నులతో నీళ్ళు చల్లి లిఫ్టుల్ని కాపాడుకోవాల్సి వచ్చింది. మన సరదా కోసం పెట్టిన యంత్రాలు ఆ వారం ఫైరింజన్లయ్యాయి. ఇప్పుడు హైవే 50 మీద వెళ్తుంటే మైళ్ళ పొడుగునా నిలువునా కాలిన చెట్లు కనపడతాయి. మంచు కప్పేసిన రోజున అవి కూడా అందంగానే ఉంటాయి. సెప్టెంబరులో వెళ్తేనే అవేంటో అర్థమవుతుంది.

నన్నడిగితే అన్నిట్లోకీ మేలైన కాలం లేబర్ డే అయిపోయిన తరవాతి నుంచి అక్టోబరు చివరిదాకా. పిల్లలకి బళ్ళు తెరుస్తారు, జనం పల్చబడతారు, గదుల రేట్లు దిగొస్తాయి, నీళ్ళలో ఎండాకాలపు వెచ్చదనం ఇంకా కాస్త మిగిలే ఉంటుంది. హోప్ వ్యాలీలో ఆస్పెన్ చెట్లు పసుపు బట్టలారేసినట్టు ఉంటాయి. టేలర్ క్రీక్ అనే చిన్న వాగులోకి కొకానీ సామన్ చేపలు సరస్సులోంచి ఎదురీదుకుంటూ వస్తాయి, ఒంటినిండా ఎర్రటి ఎరుపు. గుడ్లు పెడతాయి, చచ్చిపోతాయి. 1944 ప్రాంతంలో మనుషులు తెచ్చి పెంచితే తప్పించుకుని సరస్సులో పడ్డ జాతి అది, అక్కడి సొంత చేప కాదు. అయినా ఇప్పుడు వాటికోసం ఎలుగుబంట్లు, గద్దలు, మనుషులు అందరూ కాచుకుని ఉంటారు. టికెట్టు లేదు, లిఫ్టు లేదు, వాగు పక్కన ఊరికే నిలబడడమే.

ఎలుగుబంట్లంటే గుర్తొచ్చింది. 2022లో సౌత్ లేక్ తాహోలో ఇళ్ళలోకి దూరి ఫ్రిజ్‌లు ఖాళీ చేసిన ఎలుగుకి "హ్యాంక్ ద ట్యాంక్" అని పేరు పెట్టారు. తీరా డీఎన్‌ఏ పరీక్ష చేస్తే కనీసం మూడు ఎలుగులు ఆ పనిలో ఉన్నాయని తేలింది. పులిహోర, పెరుగన్నం, ఆవకాయ సీసా కార్లో వదిలేసి పడుకునే అలవాటున్న మనం కొంచెం ఆలోచించాలి. ఎలుగుకి కారు తలుపు తియ్యడం వచ్చు. రాకపోతే ఊడబీకడం వచ్చు. మనిషి తిండి మరిగిన ఎలుగుని చివరికి చంపాల్సి కూడా వస్తుంది. మన బద్ధకానికి దాని ప్రాణం అంటే ఎక్కువ రేటు కాదూ?

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. "ఏడాది పొడుగునా వెళ్ళమంటే రద్దీ నాలుగింతలవదా?" అవుతుంది, ఇప్పుడు వెళ్తున్న పద్ధతిలోనే నాలుగుసార్లు వెళ్తే. 2023 జులై 4 మర్నాడు వలంటీర్లు తాహో ఒడ్డున నాలుగు టన్నుల దరిదాపుల్లో, 8,500 పౌండ్లకి పైగా చెత్త ఎత్తారు. మంచులో జారడానికి కొన్న పది డాలర్ల ప్లాస్టిక్ స్లెడ్లు విరిగిపోతే అక్కడే పారేసి పోతున్నారు, మంచు కరిగాక ముక్కలు వాగుల్లోకి. ఆరొందల యాభై ఏళ్ళ లెక్క గుర్తుంది కదా? కాబట్టి నేను చెప్పేది కాలాలు మార్చడంతో పాటు అలవాట్లు కూడా మార్చమని.

చెయ్యలేనిదేమీ కాదు, ఒకప్పుడు చేసి చూపించారు కూడా. 1850ల చివర్లో నెవాడాలో వెండి దొరికినప్పుడు గనుల్లో దూలాల కోసం తాహో చుట్టూ అడవంతా నరికేశారు, అది మళ్ళీ పెరిగింది. 1960ల్లో ఊళ్ళు పెరిగి మురుగు సరస్సుని పాడుచేస్తుంటే, ఆ మురుగునంతా కొండ దాటించి బయటికి పంపే ఏర్పాటు చేశారు. ఇప్పటికీ శుద్ధి చేసిన మురుగైనా సరే సరస్సులోకి వదలరు. తేటతనాన్ని మళ్ళీ 97.4 అడుగులకి తీసుకురావాలని 2011లో ఓ పథకం ఖాయం చేశారు. తుఫాను తరవాత రోడ్ల మీది ఇసకని వాక్యూమ్ బళ్ళతో ఎత్తుతున్నారు. ఇన్ని చేస్తున్నవాళ్ళకి మనం చేసే సాయం, ఒకే శనివారం పదివేల కార్లతో మీద పడకపోవడం.

ఎవరు ఎలా వెళ్ళాలో ఆ నేల మీద ముందునుంచీ ఉన్న వాషోవాళ్ళు వేల ఏళ్ళ పాటు చేసి చూపించారు. వేసవిలో సరస్సు దగ్గరికొచ్చి చేపలు పట్టుకుని, మంచు పడేలోపు కింద లోయల్లోకి దిగిపోయేవాళ్ళు. ఏ నెలలో ఏది దొరుకుతుందో తెలిసినవాళ్ళు కాబట్టి ఏ నెలలో వదిలెయ్యాలో కూడా తెలుసు. మనకి అంత తెలివి అక్కర్లేదు, క్యాలెండరు చూస్తే చాలు.

కాబట్టి ఈ ఏడాది ఒక పని చెయ్యండి. మీకున్న సెలవుల్లో నాలుగు పక్కన పెట్టుకోండి. అక్టోబరులో ఒకటి, ఫిబ్రవరిలో లాంగ్ వీకెండ్ కాని వారంలో ఒకటి, మే లో ఒకటి, జూన్‌లో స్కూళ్ళు మూసేలోపు ఒకటి. నాలుగూ మంగళ, బుధవారాల్లో పడేట్టు చూసుకోండి, ఆన్-కాల్ రోటా ముందే మార్పించుకోండి. చెయిన్లు దార్లో కాకుండా ఇంటి దగ్గరే ఎండలో ఒకసారి వేసి తీసి చూడండి. వంట సామాను గదిలో పెట్టండి, కార్లో వద్దు. స్లెడ్డు విరిగితే డిక్కీలో వేసుకుని ఇంటికి తెచ్చెయ్యండి. నాలుగుసార్లూ ఒకే చోట, ఒడ్డున ఏదో ఒక బండ దగ్గర, ఓ అరగంట ఫోను జేబులో పెట్టుకుని కూర్చోండి. ఆ తరవాత "తాహో వెళ్ళారా" అని మిమ్మల్నెవరైనా అడిగితే, "ఏ నెల సంగతి అడుగుతున్నారు?" అని ఎదురు అడగొచ్చు.